నిరశన, నిరసన, ఆందోళన
తమిళనాడులోని హొసూరు బస్టాండు గోడమీద ‘నిరసన దీక్ష’ యను ప్రకటన చూచినపుడు, ఆ దీక్షాపరులు భోజనము మానుదురా లేక కోపము మాత్రమే వెలిబుచ్చుదురా యను సంశయము కలుగక మానదు. ఏలయన అశనము లేకుండుట నిరశనము, కాగా విసరివేయుట యను నర్థముగల అస్ ధాతువునుండి పుట్టిన నిరసనమునకు త్రోసిపుచ్చుట యర్థము. పూర్వులకు నిరసించుట యనగా ఈసడించుటయే. నేడది పౌరుని హక్కుగా పత్రికల కెక్కినది. 1952లో మద్రాసునందు పొట్టి శ్రీరాములుగారు 58 దినములు సాగించినది అక్షరాల నిరశనము. అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ యీ హొసూరు చెంతనున్న తొరపల్లిలో జన్మించినవారే. తమిళమును తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట ఇచ్చటి తెలుగువారు బడిలో తమ భాషకొరకు తెలిపినది నిరసనము. అట్టిదానిని తమిళపత్రికలు ‘ఆర్ప్పాట్టం’ అనును. అందలి ఆర్ప్పు కేకయే యైనను, మన ‘ఆర్భాటము’ చెవిలో మెదలి, గోడు చెప్పుకొనువారు డాబు చూపుచున్నట్లు తోచును. అమెరికాలో 2020లో పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ మరణానంతరము వీధులకెక్కిన జనమును కొందరు వార్తాకారులు నిరసనకారులనియు, కొందరు అల్లరిమూకయనియు వ్రాసిరి. ఎవరి పక్షమేదో ఆ యొక్క మాటలోనే తేలిపోయినది. ‘ఆందోళన’ మరింత విచిత్రము: తొలుత అది ఊగుట, పల్లకికి ఆందోళికయని పేరు, ఇప్పుడు మనసులోని కలవరమునకును, కృష్ణగిరి కలెక్టరు కచేరి యెదుటి నినాదములకును అదియే మాట కావున, ‘మామిడి రైతులలో ఆందోళన’ యను శీర్షిక చూచినవాడు, వారు దిగులుపడిరో రోడ్డెక్కిరో తెలియుటకు వార్తనంతయు చదువవలసినదే.