మన్రో దొర పట్టా – మన కాళ్లకు బొండకొయ్య

రాయలసీమ జనం థామస్ మన్రోని మన్రోలప్ప అన్నారు. పిల్లలకు ఆ పేరు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనబడి మాట్లాడాడని ఇప్పటికీ కథ చెబుతారు. తెల్లదొర దేవుడెలా అయ్యాడని చాలామంది రాశారు. ఎవరికి దేవుడయ్యాడు? నా ప్రశ్న అదీ.

మనం అందరినీ కలిపి ఇంగ్లీషు దొరలంటాం గానీ, మన్రో స్కాట్లాండువాడు. 1761లో గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారం చేసేవాడు. గ్లాస్గోకి సిరులు తెచ్చిన వర్జీనియా పొగాకును పండించింది నల్లజాతి బానిసలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో ఆ వ్యాపారం దివాలా తీసింది. కొడుకు బతుకుదెరువుకి కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. 1707లో ఇంగ్లండుతో కలిశాక ఎందరో స్కాట్ కుర్రాళ్లు పట్టిన దారే అది. కైఫీయతులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీది కూడా స్కాట్లాండే, స్టోర్నవే ఊరు. సీమ భూమి లెక్కలూ, సీమ ఊళ్ల చరిత్రా ఇద్దరు స్కాట్ల హయాంలో కాగితమెక్కాయన్నమాట.

ముందు భూమి సంగతి. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు. మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. పాళెగాళ్లను అణిచాడు. జమీందారు నడుమ లేకుండా నేరుగా రైతుతోనే శిస్తు ఖరారు చేసే రైత్వారీని ఇక్కడ నిలబెట్టాడు. శిస్తు నాలుగో వంతు తగ్గించమని పైవాళ్లకు సిఫారసు కూడా చేశాడు. మంచి పనే, కాదనను.

కానీ రైతు అంటే ఎవరు? ఊళ్లో అప్పటికే సాగు చేతిలో ఉన్నవాడు. మాల మాదిగల్లో ఎక్కువమంది ఆ పొలాల్లో జీతగాళ్లు. కొందరికి ఊరి చాకిరీకి బదులుగా చిన్న ఇనాం చెక్కలుండేవి. పొలిమేర తగాదా వస్తే హద్దు చూపాల్సింది మన వెట్టివాడే. లెక్క రాసేది కరణం. హద్దు తెలిసినవాడు ఒకడు, పట్టా అందినవాడు ఇంకొకడు. కులాన్ని స్కాట్లు పడవలో తేలేదు. ఇక్కడున్నదాన్ని సర్కారు దస్తావేజులోకి ఎక్కించారు.

చరిత్రదీ అదే దారి. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య నియోగి బ్రాహ్మణులు. ఊళ్లలో సమాచారం ఎక్కువగా కరణాల నుంచి, పూజారుల నుంచి వచ్చింది. తెలుగులో పీహెచ్‌డీ చేసినవాడిగా కైఫీయతుల విలువ నాకు తెలుసు. వాటిలో గుడి ఎవరు కట్టించారో, అగ్రహారం ఎవరిచ్చారో వివరంగా దొరుకుతుంది. ఆ గుడికి రాళ్లు మోసినవాడి నోటి మాట మాత్రం దొరకదు.

ఇప్పుడు అసలు సంగతి. 1814లో మన్రో న్యాయవ్యవస్థను సంస్కరించే కమిషన్‌కి పెద్దగా మద్రాసుకి తిరిగొచ్చాడు. ఊరి ఆచారం మీద, ఊరి పెద్దల మీద ఆయనకు గట్టి నమ్మకం. ఆ సంస్కరణల్లో భాగంగానే 1816 రెగ్యులేషన్లు వచ్చాయి. అందులో 11వ రెగ్యులేషన్ ఊరిపెద్దకు పోలీసు అధికారం ఇచ్చింది. తిట్లు, చిన్న కొట్లాటల్లాంటి తప్పులకు ఊరి చావడిలో 12 గంటల దాకా నిర్బంధం. అదే తప్పు చేసినవాడు తక్కువ కులంవాడైతే? 6 గంటల దాకా బొండకొయ్య వేయొచ్చు.

ఒకే తప్పు, రెండు శిక్షలు. ఒకడికి చావడి, ఇంకొకడికి నలుగురి ముందు కొయ్యలో బిగించిన కాళ్లు. మనుస్మృతి గురించి మాట్లాడేటప్పుడు ఈ కంపెనీ చట్టాన్ని కూడా గుర్తుపెట్టుకోండి.

ఊరికి అధికారమిస్తే ఊళ్లో ఎవరి చేతికి పోతుంది? 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని పొగిడేవాళ్లను అందుకే నిలదీశారు. ఆ పొగడ్త కంపెనీ దొరల రాతల నుంచి వచ్చిందని కూడా చెప్పారు.

1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మన్రోని తలుచుకునేవాళ్లు తలుచుకోనీండి. శిస్తు తగ్గాలని కోరిన దొర పట్టా ఉన్న రైతుకి దేవుడే. ఈ రోజు మన పిల్లోడు భూమి కోసం ఆఫీసుకెళితే పాత కాగితం ఏదిరా అంటారు. ఆ కాగితం రాసిన రోజున మనం ఎక్కడున్నామో అడిగే హక్కు మనకుంది. కొందరం పొలిమేర మీద హద్దు చూపిస్తున్నాం. కొందరం బొండకొయ్యలో ఉన్నాం.

జై భీమ్.