లూకాస్ తేల్చిన 39 అంకెల ప్రధాన సంఖ్య

2¹²⁷–1 విలువ 170141183460469231731687303715884105727. ఇది ప్రధాన సంఖ్య అని ఫ్రెంచి గణితవేత్త ఎడువార్ లూకాస్ 1876లో తేల్చాడు. 1951 దాకా, 75 ఏళ్లపాటు, తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలో ఇదే పెద్దది. యంత్రాల సాయం లేకుండా చేత్తో లెక్కగట్టి తేల్చిన వాటిలో ఇప్పటికీ దీన్ని మించినది లేదు.

2 ఘాతాల్లోంచి 1 తీసేస్తే వచ్చేవి మెర్సెన్ సంఖ్యలు. ఘాతం సంయుక్త సంఖ్య అయితే ఫలితమూ సంయుక్తమే. ఘాతం ప్రధానమైనంత మాత్రాన ఫలితం ప్రధానం కావాలని లేదు: 2¹¹–1 అంటే 2047, అది 23, 89ల లబ్ధం. ఫ్రెంచి మతగురువు మారెన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యలనిచ్చే ఘాతాలంటూ 1644లో ఇచ్చిన జాబితాలో 67, 127, 257 ఉన్నాయి. వాటిలో 127 ఒక్కటే నిలిచింది. పైగా నిజంగానే ప్రధాన సంఖ్యలనిచ్చే 61, 89, 107 ఘాతాలు ఆ జాబితాలోకి ఎక్కనే లేదు.

1772లో ఆయిలర్ 2³¹–1 ప్రధానమని చూపాడు. దాని వర్గమూలం సుమారు 46,340 కాబట్టి, అంతలోపు భాజకాలు లేవని తేలిస్తే సరిపోయింది. 2¹²⁷–1 వర్గమూలానికి 20 అంకెలుంటాయి. దీని ప్రధాన భాజకం ఏదైనా 254తో భాగిస్తే 1 మిగలాలన్న నియమంతో వడకట్టినా, మిగిలినవాటిని పరీక్షించడానికి ఒక మనిషి ఆయుష్షు చాలదు.

అందుకే లూకాస్ భాజకాల వేట మానుకున్నాడు. అతని పద్ధతిని గణితవేత్త డి. హెచ్. లేమర్ 1930లో సరళం చేశాడు. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం కట్టి 2 తీసేయాలి. ఫలితాన్ని పరీక్షించే సంఖ్యతో భాగించి శేషాన్ని ఉంచుకోవాలి. ఘాతం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక శేషం సున్నా అయితే అది ప్రధానం, కాకపోతే సంయుక్తం. 2⁵–1, అంటే 31నే తీసుకుంటే: 4 నుంచి 14 వస్తుంది, 14 నుంచి 194, శేషం 8, 8 నుంచి 62, శేషం సున్నా. మూడు మెట్లలో తేలిపోయింది. 127 ఘాతానికి 125 మెట్లు చాలు.

ద్విసంఖ్యామానంలో 2¹²⁷–1 అంటే వరుసగా 127 ఒకట్లు. అందువల్ల శేషం కోసం భాగహారం అక్కర్లేదు. 127 స్థానాలు దాటిన అంకెలను కింది స్థానాలకు తెచ్చి కలిపితే చాలు. ఈ సౌలభ్యంతోనే లూకాస్ గుణకారాలను 127 అడ్డువరుసలు, 127 నిలువువరుసలున్న చదరంగపు బల్ల మీద చేసే పద్ధతి రూపొందించాడు.

యూక్లిడ్ సూత్రం ప్రకారం ఈ సంఖ్యను 2¹²⁶తో గుణిస్తే 77 అంకెల పరిపూర్ణ సంఖ్య వస్తుంది. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే అదే సంఖ్య వస్తుంది.

1951లో ఫెరియే అనే గణితవేత్త యాంత్రిక గణన యంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను కనుక్కోగా, అదే ఏడు కంప్యూటర్ 79 అంకెలకు చేరింది. రికార్డు చేజారినా లూకాస్ పద్ధతి మాత్రం పాతబడలేదు. 2024 అక్టోబరులో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹–1కు 4,10,24,320 అంకెలున్నాయి. అది ప్రధానమేనని ధ్రువీకరించింది లూకాస్–లేమర్ పరీక్షతోనే.