ఆట రూల్సుకీ వెర్షన్లుంటాయి

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వెర్షన్ మార్పు గురించి కొత్తగా చెప్పేదేం ఉండదు. పాతదానికి సపోర్టు ఆపేస్తున్నామని ఓ మెయిలొస్తుంది, ఆర్నెల్లు మైగ్రేషన్ నడుస్తుంది, చివరికి పాత వెర్షన్ ఎలా పనిచేసేదో గుర్తున్నవాడు టీములో ఒక్కడూ మిగలడు. టేబుల్ మీద పరుచుకుని ఆడే ఆటలకీ ఇదే జరుగుతుందని మాత్రం చాలామందికి తట్టదు. గళ్ళూ పావులూ పాచికలూ కళ్ళకి కనిపిస్తాయి కాబట్టి ఆటంటే అవే అనుకుంటాం. నిజానికి ఆటంటే రూల్సు. వాటిని ఎవరు రాశారు, ఎక్కడ అచ్చేశారు, మార్చే హక్కు ఎవరి చేతిలో ఉంది అన్నదాన్నిబట్టే ఆట బతకడమైనా, పోవడమైనా.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం.

మన ముత్తాతల కాలంలో అరుగుల మీద ఆడిన చదరంగం, ఇవాళ కూకట్‌పల్లి కోచింగ్ సెంటర్లలో పిల్లలు నేర్చుకునే చెస్సు ఒకటి కాదు. అరవైనాలుగు గళ్ళు అవే. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు అన్నీ అవే. కానీ దేశవాళీ పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడిచేది. క్యాజిలింగ్ లేదు. దాని బదులు, అప్పటిదాకా ఒక్క చెక్ కూడా పడని రాజు, ఆట మొత్తమ్మీద ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. బంటు చివరి వరసకి చేరగానే మంత్రి అయిపోవడం కూడా లేదు. ఏ గడికి చేరిందో, ఆ గడిలో మొదట ఏ బలం ఉండేదో అదే అవుతుంది. గుర్రం గడికి చేరితే గుర్రమే, ఏనుగు గడికి చేరితే ఏనుగే. ప్రాంతాన్నిబట్టి ఇందులోనూ తేడాలుండేవి.

ఇవి చిన్న మార్పులనుకుంటే పొరపాటు. బంటు రెండు గళ్ళు దూకకపోతే ఇరుపక్షాల సైన్యాలు ఎదురుపడటానికే చాలా ఎత్తులు పడతాయి. ఆట నెమ్మదిస్తుంది, ఓపెనింగుల మీద రాసిన పుస్తకాలన్నీ పనికిరాకుండా పోతాయి. బంటు ఏ వరసలో ఉందన్నది చివరిదాకా ముఖ్యమే. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ అదే, లోపల లాజిక్ వేరు.

ఆ మాటకొస్తే యూరప్ వాళ్ళ చెస్సు కూడా ఒక పెద్ద వెర్షన్ మార్పు తరవాత వచ్చిందే. మన దేశం నుంచి పర్షియాకీ, అక్కణ్ణుంచి అరబ్బులకీ, వాళ్ళ ద్వారా యూరప్‌కీ వెళ్ళిన ఆటలో మంత్రి చాలా బలహీనం. ఐమూలగా ఒక్క గడి మాత్రమే నడిచేది. 15వ శతాబ్దం చివర్లో స్పెయిన్, ఇటలీ ప్రాంతాల్లో దానికి ఇప్పుడున్న బలం వచ్చింది, శకటుకీ అంతే. ఆ సంధికాలంలోనే 1497లో స్పెయిన్‌లోని సలమాంకాలో లుసేనా అనే ఆయన చదరంగం మీద పుస్తకం అచ్చు వేయించాడు. అందులో కొన్ని సమస్యలు పాత పద్ధతివి, కొన్ని కొత్త పద్ధతివి, ఏది ఏదో గుర్తుతో సహా. రెండు వెర్షన్లనీ పక్కపక్కనే పెట్టిన ఆ పుస్తకం మిగిలుండబట్టి కదా ఇవాళ ఇదంతా మనకి తెలిసింది!

తరవాత ఆ కొత్త మంత్రి, కొత్త శకటు తిరిగి మన దేశానికొచ్చాయి. మనవాళ్ళు వాటి కొత్త నడకని తీసుకుని, బంటు విషయంలోనూ రాజు దూకుడు విషయంలోనూ మాత్రం తమ రూల్సే ఉంచుకున్నారు. ఫోర్క్ చేసిన కోడ్‌లోంచి నచ్చిన కమిట్లు మాత్రం తెచ్చుకున్నట్టన్నమాట :)

ఇక్కడ నాకు బాగా నచ్చిన పుస్తకం ఒకటుంది. 1814లో బొంబాయిలో తిరువేంగడాచార్య శాస్త్రి పేరుతో చదరంగం మీద ఓ ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. ఆయన పేరులోని తిరువేంగడం అంటే మన తిరుమల కొండే. సంస్కృతంలో ఉన్న మూలాన్ని ఇంగ్లీషులోకి తెస్తూ, యూరోపియన్ల ఆట పద్ధతికి తగ్గట్టు మార్చామని పేరులోనే చెప్పారు. అంటే రెండు వందల ఏళ్ళ క్రితమే ఒక పండితుడి పుస్తకం ఒక రూల్ సెట్ నుంచి ఇంకో రూల్ సెట్‌కి పోర్ట్ అయింది. అలా మార్చామని అట్ట మీదే రాసిన ఆ నిజాయితీ నాకు ముచ్చటేస్తుంది. ఇవాళ చాలా రిలీజ్ నోట్సులో ఆ మాత్రం కూడా ఉండదు.

ఆ తరవాత తూకం ఒకవైపే మొగ్గింది. 1924లో పారిస్‌లో ఫిడే పుట్టింది. పంజాబుకి చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ దేశవాళీ రూల్సుతో ఆట నేర్చి, అంతర్జాతీయ రూల్సుకి మారి, 1929లో ఇంగ్లండు వెళ్ళిన ఏడాదే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932, 1933లో మళ్ళీ గెలిచాడు. 2024లో ఫిడే ఆయనకి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదిచ్చింది. మన దగ్గర అఖిల భారత చెస్ ఫెడరేషన్ 1951లో ఏర్పడింది. మొట్టమొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ 1955లో ఎక్కడ జరిగిందనుకుంటున్నారు? బొంబాయిలోనో మద్రాసులోనో కాదు, మన ఏలూరులో! రామచంద్ర సప్రే, డి. వెంకయ్య సంయుక్త విజేతలు.

ఊరికో రూలు ఉంటే జాతీయ ఛాంపియన్ అన్న మాటకే అర్థం ఉండదు. ఒకే రూల్‌బుక్ ఉండాల్సిందే. దానివల్ల మనకొచ్చిన లాభం కూడా తక్కువేం కాదు. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక, కృష్ణా జిల్లా నుంచి హంపి, వరంగల్ నుంచి 2024లో 2800 రేటింగ్ దాటిన అర్జున్ ప్రపంచంలో ఎవరితోనైనా కూర్చుని ఆడగలిగారంటే రూల్సు ఒకటే కాబట్టి. మార్పు తప్పని నేననను. కానీ పాతదాన్ని ఆర్కైవ్ చేయకుండా వదిలేశాం. రాజు గుర్రంలా దూకుతాడని తెలిసినవాళ్ళని మీ అపార్ట్‌మెంట్‌లో ఎంతమందిని చూపించగలరు?

ఇప్పుడు దీన్నే అమెరికాలో ఇంకో ఆటతో పోల్చి చూద్దాం. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ గురించి గచ్చిబౌలి, మాదాపూర్ జనాల్లో చాలామంది వినే ఉంటారు. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. బోర్డు ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. ఆటంతా రూల్‌బుక్కులోనే ఉంటుంది కాబట్టి వెర్షన్ గొడవలు ఇందులో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించవు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా దీన్ని తెచ్చారు. 1977 నుంచి 'అడ్వాన్స్‌డ్' పుస్తకాలు, 1989లో రెండో ఎడిషన్. అచ్చేసిన కంపెనీ చితికిపోతే 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనుక్కుంది, 1999లో దాన్ని హాస్బ్రో కొనుక్కుంది. 2000లో మూడో ఎడిషన్‌తో పాటు మనకి బాగా పరిచయమున్న పని ఒకటి చేశారు. ఓపెన్ సోర్స్ లైసెన్సుల స్ఫూర్తితో ఓపెన్ గేమ్ లైసెన్స్ పెట్టి, మూల నియమాలని ఎవరైనా వాడుకోవచ్చన్నారు. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చేసరికి ఆట బాగా మారిపోయింది, లైసెన్సు బిగిసింది. దాంతో పైజో అనే కంపెనీ పాత 3.5 నియమాలని తీసుకుని 2009లో పాత్‌ఫైండర్ అని తన ఆట తెచ్చింది. ఫోర్క్ అంటే అదీ. పాత వెర్షన్ నచ్చినవాళ్ళకి వెళ్ళడానికి ఒక ఇల్లు దొరికింది.

దేశవాళీ చదరంగానికి లేనిదీ, వీళ్ళకి ఉన్నదీ ఏమిటో గమనించారా? రాతలో ఉన్న పూర్తి రూల్సు, వాటిని వాడుకోవచ్చన్న లైసెన్సు. ఈ రెండూ ఉంటే కంపెనీ వద్దన్నా ఆట బతుకుతుంది.

సరే, మరి అచ్చు పుస్తకమా, తెరా? అచ్చు పుస్తకం బరువు, ఖరీదు, వెతకడం కష్టం, తప్పు దొర్లితే తరవాతి ముద్రణ దాకా అంతే. యాప్‌లో వెతకడం సెకను పని, లెక్కలు అదే వేస్తుంది. ఈ సుఖాన్ని నేనూ కాదనను. కానీ 2009 ఏప్రిల్‌లో పైరసీ కారణం చెప్పి విజార్డ్స్ తన పీడీఎఫ్ అమ్మకాలన్నీ ఒక్కసారిగా ఆపేసింది, మళ్ళీ మొదలుపెట్టింది 2013లో. 2017లో డీ అండ్ డీ బియాండ్ అనే ఆన్‌లైన్ సేవ వచ్చింది. 2022లో హాస్బ్రో దాన్ని 14.63 కోట్ల డాలర్లకి కొంది. 2024లో కొత్త పుస్తకాలొస్తున్నప్పుడు, జనం ఎప్పుడో డబ్బు కట్టిన 2014 నాటి మంత్రాల స్థానంలో కొత్తవి వచ్చేస్తాయని ఆ సేవ ప్రకటించింది. గోల లేచాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. అరలో ఉన్న 2014 పుస్తకాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేరు కదా.

కాబట్టి అసలు తేడా కాగితానికీ కరెంటుకీ మధ్య కాదు. కాపీ నీ దగ్గరుందా, వాడి సర్వర్లో ఉందా అన్నదే. పీడీఎఫ్ కూడా డిజిటలే, కానీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నది మీదే. అచ్చు ఆగిపోయిన పాత ఎడిషన్లు 2013 తరవాత మళ్ళీ దొరికిందీ డిజిటల్ రూపంలోనే. 2023 జనవరిలో పాత లైసెన్సుని రద్దు చేయాలని చూస్తే ఆటగాళ్ళు తిరగబడ్డారు. చివరికి ఆ నెలలోనే కంపెనీ ఐదో ఎడిషన్ మూల నియమాలని క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి వీల్లేని లైసెన్సది. అన్ని ఎడిషన్ల చరిత్రలో ఆటగాళ్ళకి దక్కిన పెద్ద విజయం ఇదే అంటాను.

యాప్‌తో ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పుస్తకం రూలు చెప్తుంది. యాప్ రూలు అమలు చేస్తుంది. పుస్తకంతో ఆడేటప్పుడు "మా ఇంట్లో ఇలా ఆడతాం" అనొచ్చు, నలుగురూ ఒప్పుకుంటే అదే రూలు. చెస్ యాప్‌లో రాజుని గుర్రంలా దూకించబోతే పావు వెనక్కొచ్చి కూర్చుంటుంది. వాదించడానికి అవతల మనిషే ఉండడు. యాప్‌తోనే ఆట నేర్చుకున్న పిల్లవాడికి రూల్సంటే మనుషులు చేసుకున్న ఒప్పందం అన్న సంగతే తెలియదు, భూమ్యాకర్షణ లాంటిదనుకుంటాడు.

అష్టాచెమ్మా తీసుకోండి. సుద్దముక్కతో గళ్ళు, గవ్వలో చింతపిక్కలో, అంతే. ఎనిమిది పడితే అష్టా, నాలుగు పడితే చెమ్మా, మళ్ళీ పందెం. అవతలివాళ్ళ కాయని చంపకుండా లోపలి గళ్ళలోకి వెళ్ళొచ్చా? వరసగా మూడుసార్లు పెద్ద పందెం పడితే లెక్కా, మురిగిపోతుందా? ఇంటింటికీ జవాబు మారుతుంది, ఒక్కోసారి ఒకే ఇంట్లో అమ్మమ్మకీ నాయనమ్మకీ పడదు. ఈ ఆటకి ఎడిషన్లు లెక్కలేనన్ని, అచ్చైన రూల్‌బుక్కు ఏ ఇంట్లోనూ చూడలేదు. రేపు ఎవరో ఒక యాప్ చేసి, వాళ్ళింటి రూల్సు అందులో పెడతారు. అది హిట్టయితే అదే అష్టాచెమ్మా. మిగతావన్నీ తప్పుగా ఆడినట్టు.

అలా చేసేవాడు బహుశా మన కారిడార్‌లోని ఏదో ఒక ఆఫీసులోనే కూర్చుని ఉంటాడు. అందుకే ఈ గోలంతా మీతో చెప్తున్నాను. చేస్తే గనక సెట్టింగ్స్‌లో రూల్సు మార్చుకునే వీలు పెట్టండి, లుసేనాలా రెండు పద్ధతులనీ గుర్తు పెట్టి మరీ చూపించండి. యాప్ చేయని మిగతావాళ్ళం ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళు ఆడిన రూల్సు ఒక్కొక్కటీ అడిగి రాసిపెట్టుకుందాం. ఏ ఊరు, ఎవరింటి పద్ధతి అన్నది కూడా రాయండి. కాగితం మీద రాస్తారో టెక్స్ట్ ఫైల్లో పెడతారో మీ ఇష్టం. కాపీ మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.