చెంబు పాలు – నా లాక్టోమీటరు



"తాతా, ప్యాకెట్ పాలు కాకుండా నేరుగా రైతు దగ్గరే పాలు దొరుకుతాయా?" అని మొన్న మా మనుమడు అడిగాడు. మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో కోరుట్లలో ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆనాటి ముచ్చటతో పాటు, అందులో నేను చేసిన ఒక తప్పును కూడా ఇక్కడ చెప్పుకుంటాను.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరి, తర్వాత బదిలీపై కోరుట్లకు వచ్చాను. అప్పుడిది కరీంనగర్ జిల్లా. జగిత్యాల జిల్లా 2016లో ఏర్పడింది. తెల్లవారకముందే అయిలాపూర్, కల్లూరు వైపు నుంచి సైకిళ్లకు క్యాన్లు కట్టుకొని పాలవాళ్లు వచ్చేవారు. మాకు మాత్రం వీధి చివరి ఇంటి అక్క బర్రెను పిండి, నురగ తగ్గకముందే తెచ్చి చెంబులో పోసేది. కొలిచాక కొంత కొసరు కూడా పోసేది. లెక్కంతా గోడమీద బొగ్గు గీతలే. జీతం ఆలస్యమైన నెలల్లోనూ పాలు ఆగలేదు.

1979లో మా చంటివాడు బరువు పెరగడం లేదని ఇంట్లో బెంగ పట్టుకుంది. ఒక మిత్రుడు లాక్టోమీటరు తెచ్చిచ్చాడు. అప్పుడే పోసిన గోరువెచ్చని పాలలో వేస్తే అంకె తక్కువ చూపింది. "నీళ్లు కలిపినవ్" అన్నాను. "లేదు సారూ, నా పిల్లల మీద ఒట్టు" అంది. వినలేదు. ఆ నెల పైకంలో కొంత కోసి, పాలు మాన్పించాను.

1985లో ఆఫీసు పనిమీద ఒక పల్లెకు వెళ్లి, అక్కడి పాల సేకరణ కేంద్రంలో కూర్చున్నాను. పాలు పరీక్షించే కుర్రవాడు అసలు సంగతి చెప్పాడు. లాక్టోమీటరు చూపేది పాల సాంద్రతను మాత్రమే. వెన్న నీటికంటే తేలిక కనుక, వెన్న పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. పాలు వేడిగా ఉన్నా తగ్గుతుంది. అదే వెన్న తీసి నీళ్లు కలిపినవాడి పాలకు అంకె సరిగ్గానే రావచ్చు! అందుకే కేంద్రంలో వెన్నశాతం వేరుగా చూస్తారు.

ఆరేళ్లుగా ఒక మంచి మనిషిని దొంగ అనుకున్నాను. మరునాడే ఆమె ఇంటికి వెళ్లి, కోసుకున్న పైకం ఇవ్వబోయాను. "గిప్పుడు గీ పైసలెందుకు సారూ? పాలు కేంద్రంల పోస్తున్నం. ఆడ వెన్న చూసి లెక్క కడ్తరు, మాట పడుడు లేదు" అంది. పైసలు తీసుకోలేదు, చాయ తాగిపించి పంపింది.

రైతులు ఇంటి వాడకాలు వదిలి కేంద్రాలకు మళ్లడానికి ఆ మాట కూడా ఒక కారణమే. 1970లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ 'ఆపరేషన్ ఫ్లడ్' మొదలుపెట్టింది. మన రాష్ట్రంలో 1974లో పాడి అభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. 'విజయ' పేరు ఇంటింటికీ తెలిసింది. వెన్నను, ఇతర ఘనపదార్థాలను బట్టి ధర కట్టడంతో చిక్కటి పాలకు తగిన విలువ వచ్చింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తర్వాత పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరులో మహిళలే సొంతంగా డెయిరీ నడుపుకొనే స్థితికి వచ్చారు.

మా మనుమడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ బర్రెలున్న ఇళ్లున్నాయి. పాలు పిండే వేళకు గిన్నె పట్టుకొని వెళ్లండి. కొట్టం శుభ్రత, పశువు ఆరోగ్యం చూడండి. పచ్చిపాల వల్ల క్షయ, బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు రావచ్చు కనుక పొంగు వచ్చేదాకా కాచి తాగండి. పాల మీద అనుమానం వస్తే చల్లార్చి, వెన్నశాతం కూడా చూపించండి. ఆ తర్వాతే మాట అనండి.