ఉట్టి తిత్తి

ఆ రోజు రాకెట్ ఎగరలేదు. కౌంట్‌డౌన్ ఆపేశారని తెలిసేసరికి అటకానితిప్ప దగ్గర రోడ్డు పక్కన మా కారుతో పాటు ఓ యాభై బళ్లు ఆగి ఉన్నాయి. అటూ పులికాట్ నీళ్లు, ఇటూ పులికాట్ నీళ్లు, మధ్యలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు. పక్క కారువాళ్లు ఏడుస్తున్న పిల్లాణ్ణి ఊరుకోబెడుతుంటే నేను ఫోన్ చూస్తూ కూర్చున్నా. టెక్సస్‌లో ఉండే నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్ వాయిస్ మెసేజ్ పంపాడు. వాళ్ల మేనేజరు నమీబియా వెళ్లి, డబ్బు కట్టి, ఒక కూడూని కొట్టాడట. మన కూడు కాదు, మెలితిరిగిన కొమ్ములుండే ఆఫ్రికా జింక. "కొట్టి పదహారు నెలలైందిరా, తల ఇంకా ఇంటికి రాలేదు. రోజూ మీటింగులో దాని ట్రాకింగ్ గురించే ఏడుపు," అని నవ్వుతున్నాడు.

నేనూ నవ్వా. ఇంటికొచ్చాక మాత్రం ఒక తలకాయ రావడానికి అన్నాళ్లెందుకు పడుతుందా అని చదవడం మొదలుపెట్టా. ఆ చదువు నన్ను నమీబియాలో ఉండనివ్వలేదు. నెల్లూరు, కడప కొండల్లోని ఒక పిట్ట దగ్గరికీ, చివరికి మా తాతయ్య ఇంటి గోడ దగ్గరికీ తీసుకొచ్చింది.

ముందు ఆలస్యం సంగతి. తుపాకీ పేలడంతో వేట అయిపోతుంది కానీ పని అప్పుడే మొదలవుతుంది. చర్మం ఒలిచి, ఉప్పు పట్టించి, ఆరబెట్టాలి. పుర్రెని ఉడకబెట్టి మాంసమంతా పోగొట్టాలి. రోగాలూ పురుగులూ వెంట రాకుండా మందునీళ్లలో ముంచి పెట్టెలో సర్దాలి. ఆ వ్యాపారంలో దీన్ని 'డిప్ అండ్ ప్యాక్' అంటారు. పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి, ఎగుమతి అనుమతి కావాలి. చిరుతపులి, ఏనుగు లాంటివైతే 1975లో అమల్లోకొచ్చిన సైటీస్ ఒప్పందం ప్రకారం వేరే పర్మిట్లు. అమెరికాలో దిగాక వన్యప్రాణి శాఖ తనిఖీ. కాగితంలో ఎక్కడ తేడా వచ్చినా పెట్టె గోడౌన్‌లో కూర్చుంటుంది. 2015లో జింబాబ్వేలో సిసిల్ అనే సింహాన్ని చంపినందుకు ప్రపంచమంతా గొడవయ్యాక, డెల్టా ఎయిర్‌లైన్స్ సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న ట్రోఫీలను మోసేది లేదని చెప్పేసింది. దారులు ఇంకా తగ్గాయి.

కాగితాలు లేని కాలంలోనూ ఆలస్యం ఉంది. అమెరికా అధ్యక్ష పదవి దిగిన వెంటనే, 1909లో, థియోడోర్ రూజ్‌వెల్ట్ స్మిత్‌సోనియన్ మ్యూజియం కోసం తూర్పు ఆఫ్రికాకి వేటకెళ్లాడు. చర్మాలు నిలవ చెయ్యడానికి నాలుగు టన్నుల ఉప్పు మోయించాడు. పురుగూ పుట్రా కలిపి పదకొండు వేలకి పైగా నమూనాలు పోగయ్యాయి. వాటన్నిటినీ జాబితాకెక్కించడానికి మ్యూజియంవాళ్లకి ఎనిమిదేళ్లు పట్టింది. చంపడానికి ఏడాది, ఏం చంపామో రాసుకోవడానికి ఎనిమిదేళ్లు.

ఇదంతా చదువుతుంటే, మన వైపు నుంచి సీమకి వెళ్లిన పెట్టెల మాటేమిటి అనిపించింది. మనమూ ఒకప్పుడు ఎవరికో 'ఓవర్సీస్' అడవే కదా. అక్కడ దొరికాడు థామస్ కావర్‌హిల్ జెర్డన్. 1836లో మద్రాసు చేరిన ఈస్టిండియా కంపెనీ డాక్టరు. మొదట గంజాం వైపు, తర్వాత గుర్రపు దళంతో దక్కన్‌లో. వృత్తి వైద్యం, ప్రాణం పిట్టల మీద. ట్రోఫీ వేటగాణ్ణీ శాస్త్రవేత్తనీ ఒక గాటన కట్టొచ్చా అని మీరడగొచ్చు. ఇద్దరి ఉద్దేశాలూ వేరే, ఒప్పుకుంటా. కానీ బైనాక్యులర్లు చేతికి రాని ఆ రోజుల్లో పిట్టని చూడడమంటే తుపాకీతో కొట్టి చూడడమే. ఇద్దరి పెట్టెలోనూ ఉండేది అదే: లోపలంతా తీసేసి, కూరి, కుట్టిన చర్మం.

జెర్డన్ తను పోగుచేసిన పిట్టల్లో ఒక జత కట్టి, గుర్తుపట్టి పేర్లు చెప్పమని బ్రిటన్‌లోని సర్ విలియం జార్డిన్‌కి పంపాడు. ఆ ప్రయాణం ఎలాంటిదో ఊహించుకోండి. మద్రాసుకి అప్పుడు హార్బరు లేదు. ఓడ దూరంగా సముద్రంలో ఆగేది. సరుకంతా మసూలా పడవల్లోనే పోవాలి. మేకుల్లేకుండా కొబ్బరి పీచు తాళ్లతో పలకలు కుట్టిన పడవలవి. అలల దెబ్బకి విరక్కుండా వంగుతాయి, కానీ లోపలున్నవాళ్లు తడవకుండా ఓడెక్కేది తక్కువ. అక్కణ్ణుంచి ఆఫ్రికా కొస చుట్టి నెలల తరబడి ప్రయాణం. సూయజ్ కాలువ తెరిచింది 1869లో. ఇవన్నీ దాటి పెట్టె జార్డిన్ చేతికి చేరింది. తెరిస్తే చిమ్మెట పురుగులు తినేసిన ఈకలు.

మా పనిలో ఒక అలవాటుంది. అవతలి సర్వరు నుంచి జవాబు ఎప్పటికీ రాకపోతే, ఎంతసేపు చూడాలో ముందే ఒక లెక్క పెట్టుకుంటాం. అది దాటితే మన దగ్గరున్నదాంతో ముందుకెళ్లిపోతాం. జెర్డన్ అదే చేశాడు. లండన్ ముద్ర కోసం కాచుకోకుండా తన కళ్లనే నమ్మి, దక్షిణాది పిట్టల జాబితాని 1839-40లో 'మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్'లో అచ్చేశాడు. 420 జాతులు. అంతకుముందు సైక్స్ ఇచ్చిన జాబితాకి ఇది దాదాపు రెట్టింపు. ఆ తర్వాత 1843-47 మధ్య యాభై బొమ్మలతో పిట్టల పుస్తకమూ మద్రాసులోనే వేశాడు. అందులో బొమ్మల్ని రాతిమీదకెక్కించినవాళ్లలో ఒకాయన పేరు ఇంగ్లీషులో సి.వి. కిస్ట్నరాజూ అని ఉంటుంది. మన కృష్ణరాజే. పెట్టె క్షేమంగా చేరి ఉంటే ఈ పనంతా ఇక్కడ జరిగేదా అని నాకు అనుమానం. ఆ పురుగులకి మనం కాస్త రుణపడి ఉన్నాం.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ జెర్డన్ 1840ల్లో నెల్లూరుకి సివిల్ సర్జన్‌గా వచ్చాడు. తూర్పు కనుమల్లో తిరిగాడు. అడవి సంగతులు యానాదుల్ని అడిగి తెలుసుకున్నాడు. ఆ తిరుగుళ్లలో దొరికినదే ఇవాళ ఆయన పేరుతో చలామణీ అవుతున్న పిట్ట, జెర్డన్స్ కోర్సర్. మనకి కలివికోడి. మెడ కింద రెండు గోధుమరంగు పట్టీలు, పెద్ద కళ్లు, రాత్రిపూట తిరుగుడు. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లిత్ దానికి లాటిన్ పేరు పెట్టాడు. తర్వాత అచ్చేసిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో జెర్డన్ ఆ పిట్ట నెల్లూరు, కడప కొండల్లో ఉంటుందని రాసి, తెలుగు పేరు కూడా ఇచ్చాడు. ఇంగ్లీషు స్పెల్లింగులో తికమకగా ఉంటుంది కానీ పైకి చదివితే నా చెవికి 'అడవి ఉట్టి తిత్తి' అని వినిపిస్తుంది. ఉట్టి తిత్తి అంటే ఖాళీ తోలుసంచి. కూరిన పిట్టకి ఇంతకంటే సరైన పేరు నాకు తట్టలేదు.

ఆ పేరు ఎవరు చెప్పారు? పిట్టలో డాక్టరు పేరుంది. పుస్తకంలో ఊళ్ల పేర్లున్నాయి. నెల్లూరు అడవిలో పక్కన నడుస్తూ, ఇది ఫలానా అని తెలుగులో చెప్పిన మనిషి పేరు మాత్రం పెట్టెలో ఎక్కలేదు.

యానాదులకిది మామూలే. 1835లో ప్రభుత్వం శ్రీహరికోట దీవిని తన చేతుల్లోకి తీసుకున్నప్పుడు అక్కడి అడవిలో బతుకుతున్నది వాళ్లు. తేనె, దుంపలు, మూలికలు అన్నీ వాళ్లు తెచ్చినవే. మద్రాసు పొయ్యిల్లోకి కట్టెలు ఈ దీవి నుంచే పోయేవి. 1909లో వచ్చిన థర్‌స్టన్ పుస్తకాల్లో యానాదుల గురించి పేజీలకి పేజీలుంటాయి. కులంగా ఉంటారు, మనుషులుగా ఉండరు. 1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంచుకున్నాక చాలా కుటుంబాలు నీళ్లకి ఇవతలికి వచ్చేశాయి.

కలివికోడి 1900లో అనంతపురం వైపు ఒకసారి కనిపించి మాయమైపోయింది. పోయిన జాతి అనే అనుకున్నారు. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ బొమ్మలు పట్టుకుని మళ్లీ వెతకడానికొచ్చాడు. 1986 జనవరిలో, కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి అడవిలో, ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చి వెలుతురులో పిట్టని చేత్తో పట్టేశాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత! ఆ పిట్ట కొన్నాళ్లకే చచ్చిపోయింది. దాన్ని కూరి ముంబైలో పెట్టారు. మళ్లీ ఒక తిత్తి. కానీ ఈసారి తేడా ఉంది. ఎవరు పట్టారో రికార్డులో ఉంది. దాని పుణ్యాన 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ దాని పొదల మీదుగా పోబోతే దారి మార్చాల్సి వచ్చింది.

ఇంకొక పార్సిలుంది. చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే కోలారు దగ్గర 1917లో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లండ్ వెళ్లింది. ఏ చేతులు మారిందో మారి అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోకి చేరింది. అది కలివికోడి గుడ్డేనని డీఎన్ఏ పరీక్ష చేసి తేల్చింది 2013లో. ప్రపంచానికి తెలిసిన మొదటి కలివికోడి గుడ్డు అదే. ఓడ ఎప్పుడో చేరింది. గుడ్డు చేరడానికి తొంభై ఆరేళ్లు పట్టింది.

అందుకే టెక్సస్ మేనేజరు పదహారు నెలల గోల నాకిప్పుడు చిన్నదిగా కనిపిస్తోంది. ఓడలూ పర్మిట్లూ చేసే ఆలస్యానికి ఎప్పుడో ఒకప్పుడు ముగింపు ఉంటుంది. వస్తువుతో పాటు రావాల్సిన సమాచారం రాకపోతే, వస్తువు గోడ మీదున్నా ఇంకా దారిలోనే ఉన్నట్టు. ఇది ఎక్కడ దొరికింది, ఎవరు చూపించారు, దాన్ని వాళ్లేమని పిలిచేవాళ్లు - ఇవి లేకపోతే ఇంటికొచ్చింది ఉట్టి తిత్తే.

శ్రీహరికోట నుంచి పైకి పంపినదాన్ని తిరిగి తెచ్చుకోవడం కూడా ఈ దేశం నేర్చుకుంది. 2007 జనవరి 10న ఇక్కణ్ణుంచి ఎస్ఆర్ఈ-1 అనే 550 కిలోల క్యాప్స్యూల్ అంతరిక్షానికెళ్లింది. పన్నెండు రోజులు భూమి చుట్టూ తిరిగి, 22న బంగాళాఖాతంలో, దీవికి 140 కిలోమీటర్ల దూరంలో దిగింది. ఎక్కడ పడుతుందో ముందే లెక్కేసి వెళ్లి తెచ్చుకున్నారు. పన్నెండు రోజుల్లో ఇంటికి! నాలాంటివాడికి ఇంతకంటే గర్వమేముంటుంది. కానీ ఆ గర్వం పక్కనే మా ఇంటి సంగతొకటి గుచ్చుకుంటోంది.

సూళ్లూరుపేట దగ్గర మా తాతయ్య ఇంట్లో, వసారా గోడకి చెక్క మీద బిగించిన దుప్పి కొమ్ములుండేవి. నా చిన్నప్పుడు వాటికి టవలు తగిలించేవాళ్లు. ఒక తుఫానుకి ఆ గోడ కూలింది, కొమ్ములూ పోయాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే ఇంట్లో అందరిదీ ఒకటే జవాబు: "అడవిలోంచి మన యానాదోడు తెచ్చిచ్చాడు." ఆ మాట నేనూ స్నేహితుల దగ్గర ఎన్నోసార్లు చెప్పా, గొప్పగా. ఆ 'మన'లో ఎంత ప్రేముందో, చివరి 'ఓడు'లో ఎంత చులకనుందో ఎప్పుడూ ఆలోచించలేదు. జెర్డన్ని తప్పుపట్టే ముందు నేను ఫోన్ చెయ్యాల్సింది అమ్మకి.

చేశా. "ఆయన పేరేందమ్మా?" అన్నా.

"పేరా?" అంది. కాసేపు మాట్లాడలేదు. "మీ తాత ఏందో పిలిచేవాడు... మర్చిపోయినా నాయనా. ఇప్పుడెందుకు?"

రెండ్రోజుల తర్వాత, నేను ఆఫీసు కాల్‌లో ఉండగా, అమ్మే ఫోన్ చేసింది. "గుర్తొచ్చింది," అని పేరు చెప్పింది. ఆయన భార్య పేరు కూడా చెప్పింది. ప్రసవాలప్పుడు ఆమె తెచ్చే వేళ్ల కషాయం సంగతి చెప్పింది. మనవళ్లు ఇప్పటికీ చెరువు అవతల కాలనీలోనే ఉంటున్నారట. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ముందు వాళ్ల ఇంటికెళ్లి, అడిగి, వాళ్లు సరేనంటే అప్పుడు. ఈసారి రాకెట్ తేదీ చూసుకోకుండా ఊరికెళ్తున్నా.