నవ్వుకు టిక్కెట్టు



బొంబాయికి బతకబోయినవాళ్ళు లేని ఊరు మన సరిహద్దు జిల్లాల్లో అరుదు. అక్కడ మనవాళ్ళు తొలినాళ్ళలో స్థిరపడ్డ పేట కామాఠీపురా. నిజాం రాజ్యం నుంచి వెళ్ళిన తెలుగు కూలీలను, కట్టుబడి పనివాళ్ళను అక్కడ కామాఠీలు అనేవారు. పేటకు ఆ పేరే నిలిచింది. నేడు ఆ మాట వినగానే లోకానికి మరో సంగతి స్ఫురిస్తుంది గానీ, అది శ్రమజీవులు పెట్టిన పేరని మీరు మరువకండి.

ఆ పేటకు కూతవేటు దూరంలో గ్రాంట్ రోడ్డు ఉంది. 1846లో అక్కడ ఒక నాటకశాల వెలసింది. స్థలమిచ్చిన దాత జగన్నాథ్ శంకర్‌సేఠ్. మొదట ఇంగ్లీషు నాటకాలే ఆడేవారు. 1853లో విష్ణుదాస్ భావే మరాఠీ బృందం, అదే ఏడు పారసీ నాటక మండలి ఆ వేదిక ఎక్కాయి. పారసీలు రుస్తుం, సోహ్రాబుల కథతోపాటు 'ధన్‌జీ గరక్' అనే ప్రహసనం కూడా ఆడారు. పెద్ద నాటకం వెంట ఇలా నవ్వుల నాటిక ఆడటం ఆనవాయితీ అయింది. క్రమంగా ఆ చుట్టుపక్కల మరికొన్ని నాటకశాలలు లేచాయి. 'ప్లేహౌస్' అన్న మాట జనం నోట 'పీలా హౌస్' అయింది. టిక్కెట్టు వెలను బట్టి కూర్చునే చోటు. డబ్బున్నవారు బాక్సులో, లేనివారు గ్యాలరీలో.

సరే, టిక్కెట్టు కొంటే కూలివాడికీ గ్యాలరీలో చోటు దొరుకుతుంది. మరి వేదిక మీద? అక్కడ అతని బతుకు ఎవరు చెబుతారు? ఎవరిని చూసి ఎవరు నవ్వుతారు?

ఈ ప్రశ్నకు పూనాలో జోతిరావు ఫూలే 1855లోనే జవాబు రాశారు. ఆ నాటకం పేరు 'తృతీయ రత్న'. జోస్యం పేరిట ఒక పురోహితుడు పేద రైతు దంపతులను దోచుకుంటాడు. పక్కనే నిలబడ్డ విదూషకుడు ఆ మోసాన్ని మనకు విప్పి చూపిస్తాడు. చివరికి ఆ దంపతులు చదువుకోవాలని నిశ్చయించుకుంటారు. అంతవరకూ నవ్వులపాలైన రైతు పక్షాన నవ్వు నిలబడింది. దక్షిణా ప్రైజ్ కమిటీ ఆ నాటకాన్ని తిరస్కరించింది. అది అచ్చుకెక్కింది 1979లో.

1873లో ఫూలే సత్యశోధక సమాజం స్థాపించినప్పుడు బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో మన తెలుగువారున్నారు. జాయా కరాడీ లింగు, వ్యంకు బాళోజీ కాళేవార్ వంటివారు ఆ కోవలోనివారే. ఫూలే కూడా కట్టుబడి కాంట్రాక్టులు చేసినవారే. రాయి మోసేవాడి కష్టం ఇరుపక్షాలకూ తెలుసు.

తర్వాతి కాలంలో సత్యశోధకులు తమాషా బాణీని తీసుకుని 'జల్సా'లు ఆడారు. వాటిలో హాస్యం పెత్తనం చేసేవారి మీద పడింది. ఊరి జనమే ఆడారు, ఊరి జనమే చూశారు. కామాఠీపురా పక్కనున్న నాటకశాలలు మాత్రం కాలక్రమాన సినిమా హాళ్ళయ్యాయి.

శ్రోతలారా, మన యాస మరాఠీ కలిసిన తెలుగు. దాన్ని వెక్కిరించి చప్పట్లు కొట్టించుకున్న వేషాలు మీరూ చూసే ఉంటారు. నవ్వు చెడ్డది కాదు. అయితే టిక్కెట్టు కొనేముందు ఒక్క మాట అడగండి: ఈ నవ్వు దొరవారి మీదా, కూలివాడి మీదా? మన డబ్బుతో మనల్నే చిన్నబుచ్చే ఆటకు గ్యాలరీ నిండనక్కరలేదు. మన కథను మనమే నవ్వుతూ చెప్పుకునే ఆట వస్తే, అది చూడటానికి ముందు వరుసలో కూర్చుందాం.