పాత కెమెరా కటకాల క్రమసంఖ్యలు: చారిత్రక ఆధారంగా పఠనం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• కటకంపై చెక్కిన క్రమసంఖ్యను చారిత్రక ఆధారంగా ఎలా ఉపయోగించుకోవచ్చో వివరించగలుగుతారు.
• జైస్, సోవియట్ కర్మాగారాల సంఖ్యా పద్ధతుల మధ్య తేడాను గుర్తించగలుగుతారు.
• క్రమసంఖ్య ఒక్కదానిపైనే ఆధారపడితే కలిగే పొరపాట్లను చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్రకారునికి ఆధారాలు శాసనాలు, నాణేలు, గ్రంథాలు మాత్రమే కావు. కర్మాగారంలో తయారైన వస్తువు కూడా ఆధారమే. పాత కెమెరా కటకం ముందు రింగుపై సాధారణంగా తయారీదారు పేరు, కటకం పేరు, నాభ్యంతరం, క్రమసంఖ్య ఉంటాయి. వీటిలో కాలాన్ని నిర్ణయించడానికి ఎక్కువగా ఉపకరించేది క్రమసంఖ్య.

అయితే సంఖ్యను చదవడం, అర్థం చేసుకోవడం ఒకటి కాదు. శాసనంలో 'ఆరవ రాజ్య సంవత్సరం' అని ఉందనుకోండి. ఏ రాజు రాజ్యమో తెలియకపోతే దాని వల్ల కాలం తేలదు. శక సంవత్సరం ఇస్తే లెక్క సులభం. కటకాల సంఖ్యలలోనూ ఈ రెండు పద్ధతులు ఉన్నాయి. వాటిని రెండు ప్రసిద్ధ ఉదాహరణల ద్వారా పరిశీలిద్దాం.

2. జైస్: ఒకే పేరు, రెండు లెక్కలు

కార్ల్ జైస్ 1846లో జర్మనీలోని యేనా నగరంలో తన పనిశాలను స్థాపించాడు. ఆ సంస్థలో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సార్ కటకం 1902లో వచ్చింది. 1932లో కాంటాక్స్ కెమెరాతో పాటు లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన సొన్నార్ కటకాలు వచ్చాయి. యేనా కర్మాగారం తన కటకాలకు వరుసగా పెరిగే సంఖ్యలు ఇచ్చింది. అందులో సంవత్సరం కనిపించదు. 1930 నాటికి ఆ లెక్క 10 లక్షలు దాటింది. 27 లక్షల శ్రేణి 1940ల తొలి సంవత్సరాలది.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ వరుసను రెండుగా చీల్చింది. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం యేనాను ఆక్రమించింది. ఒప్పందం ప్రకారం ఆ ప్రాంతాన్ని సోవియట్ సైన్యానికి అప్పగించే ముందు, జైస్ నిపుణులు పలువురిని పశ్చిమ ప్రాంతానికి తరలించింది. వారు 1946లో ఓబర్‌కోహెన్‌లో కొత్త కర్మాగారాన్ని ప్రారంభించారు. యేనాలో పాత లెక్కే కొనసాగింది. ఓబర్‌కోహెన్‌లో మాత్రం చిన్న సంఖ్యల నుంచి వేరే లెక్క మొదలైంది.

ఫలితాన్ని చూడండి. రెండు టెస్సార్ కటకాలపై 12 లక్షల శ్రేణి సంఖ్యలే ఉన్నాయి. ఒకదానిపై 'కార్ల్ జైస్ యేనా' అని, రెండవదానిపై 'కార్ల్ జైస్' అని మాత్రమే ఉంది. మొదటిది సుమారు 1930 నాటిది. రెండవది 1950ల నాటి ఓబర్‌కోహెన్ కటకం. ఒక్క ఊరి పేరును వదిలేస్తే ఇరవై ఏళ్ల తేడా వస్తుంది. శాసనంలో రాజు పేరు ఎంత ముఖ్యమో, ఇక్కడ 'యేనా' అనే మాట అంత ముఖ్యం.

పేరు కోసం రెండు సంస్థల మధ్య న్యాయ వివాదాలు కూడా నడిచాయి. అందువల్ల పశ్చిమ దేశాలకు పంపిన కొన్ని యేనా కటకాలపై జైస్ పేరు ఉండదు. 'యేనా' అనే మాట, టెస్సార్‌కు బదులు 'టి' అనే అక్షరం మాత్రమే కనిపిస్తాయి. ఇటువంటి కటకం నకిలీది కాదు. అది విభజిత జర్మనీ చరిత్రకు సాక్ష్యం.

3. సోవియట్ కటకాలు: సంవత్సరం తెలిపే సంఖ్య

యుద్ధం తర్వాత కాంటాక్స్ కెమెరా తయారీని సోవియట్ ప్రభుత్వం కీవ్ నగరానికి తరలించింది. సొన్నార్ నమూనా ఆధారంగా జూపిటర్-3, జూపిటర్-8, జూపిటర్-9 కటకాలు వచ్చాయి. జైస్ బయోటార్ ఆధారంగా హీలియోస్-44 వచ్చింది.

1950ల నుంచి ఈ కటకాలలో ఎక్కువ భాగానికి క్రమసంఖ్యలోని మొదటి రెండు అంకెలు తయారీ సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు హీలియోస్‌పై 7512345 అని ఉంటే అది 1975లో తయారైనదని అర్థం. ఇదే సంఖ్య యేనా కటకంపై ఉంటే 1975ను సూచించదు. 75 లక్షలు దాటిన వరుస సంఖ్య మాత్రమే. కాబట్టి ముందు కర్మాగారాన్ని గుర్తించి, ఆ తర్వాతే సంఖ్యను చదవాలి. ఇందుకు కర్మాగార చిహ్నం తోడ్పడుతుంది. క్రాస్నోగోర్స్క్ కర్మాగారపు చిహ్నం కాంతికిరణం ప్రయాణించే పట్టకం. హీలియోస్ కటకాలు మిన్స్క్, వల్డాయ్‌లలో కూడా తయారయ్యాయి. వాటి చిహ్నాలు వేరు.

4. క్రమసంఖ్య పరిమితులు

(అ) కేటాయింపు, తయారీ: జైస్ ఒక్కొక్క రకం కటకానికి సంఖ్యలను గుంపులుగా ముందే కేటాయించేది. ఆ గుంపులోని కటకాలన్నీ ఒకే రోజున పూర్తయ్యేవి కావు. అందువల్ల 'ఈ కాలానికి చెందినది' అనడం సమంజసం. కచ్చితమైన తేదీ చెప్పడం సాహసం.

(ఆ) కెమెరా, కటకం: మార్చుకోగల కటకం కెమెరా కంటే ముందుదో, వెనుకదో కావచ్చు. కటకం సంఖ్యతో కెమెరా కాలాన్ని నిర్ణయించకూడదు.

(ఇ) మార్పులు: పేరు చెక్కిన రింగు చాలా కటకాలలో మరలా తిప్పి ఊడదీయగల విడిభాగం. మరమ్మతులో ఒక కటకం రింగు మరొకదానికి చేరవచ్చు. ప్రతిబింబాలను తగ్గించే పూతను యేనాలో అలెగ్జాండర్ స్మకులా 1935లో రూపొందించాడు. 1930 నాటి కటకంపై పూత కనిపిస్తే రింగు మారి ఉండవచ్చు, లేదా పూత తర్వాత వేయించి ఉండవచ్చు.

(ఈ) కూట సాక్ష్యం: లైకా కెమెరాకు సరిపడే మరతో జైస్ నిజంగానే కొన్ని సొన్నార్ కటకాలు తయారు చేసింది. అవి అరుదు కనుక ధర ఎక్కువ. అందుకే జూపిటర్-3 కటకాలపై జైస్ పేరు, యుద్ధకాలపు సంఖ్య చెక్కి అమ్మినవారు ఉన్నారు. భూమి హక్కు కోసం కూట తామ్రశాసనాలు పుట్టించినట్లే ఇదీ. సంఖ్య సరైన శ్రేణిలో ఉన్నంత మాత్రాన వస్తువు అసలైనది కాదు. ఆ శ్రేణి నకలు చేసేవానికీ తెలుసు. లోపలి గాజు అమరిక, లోహం, అక్షరాల చెక్కడం కూడా సంఖ్యతో ఏకీభవించాలి.

5. సారాంశం

క్రమసంఖ్య విలువైన ప్రాథమిక ఆధారం. కానీ అది ఏ కర్మాగారపు లెక్కలోనిదో ముందు తేల్చుకోవాలి. తర్వాత దానిని చిహ్నం, పూత, నిర్మాణం వంటి స్వతంత్ర సాక్ష్యాలతో పోల్చాలి. అవి విభేదిస్తే సంఖ్య పక్షం వహించకుండా, ఆ విభేదానికి కారణం వెతకాలి. శాసన పరిశీలనలో మనం నేర్చుకున్న బాహ్య, అంతర్గత విమర్శ పద్ధతులు ఇక్కడ కూడా యథాతథంగా వర్తిస్తాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 12 లక్షల శ్రేణి సంఖ్య గల రెండు టెస్సార్ కటకాల కాలం వేర్వేరుగా ఉండటానికి కారణమేమిటి?
2. హీలియోస్ కటకంపై 7612345 అనే సంఖ్య దేనిని సూచిస్తుంది?

నమూనా పరీక్ష ప్రశ్నలు

1. జర్మనీ విభజన ప్రభావం జైస్ కటకాల పేర్లు, సంఖ్యలలో ఎలా ప్రతిఫలించిందో వివరించండి. (30 పంక్తులు)
2. క్రమసంఖ్యను ఆధారంగా స్వీకరించడంలో గల పరిమితులు ఏవి? (10 పంక్తులు)